కుక్క పాదాల మెత్తలు పగిలినా, గాయపడినా ఏం చేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా, రాజురా, సిరొంచ, కిన్వట్, ధర్మాబాద్, దెగ్లూర్ వైపు తెలుగు ఇళ్లలో కుక్కలను పెంచుకునేవారు పాదాల గురించి సాధారణంగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి. ఈ ప్రాంతంలో మెత్తల గాయాలకు మూలం చాలావరకు కుక్క నడిచే నేలలోనే దొరుకుతుంది కాబట్టి, చాలా జవాబుల్లో మందు కంటే ముందు నేల ప్రస్తావనే వస్తుంది.

అంత దళసరిగా ఉండే మెత్త ఎందుకు పగులుతుంది?

ప్రతి పాదంలో వేళ్ల కింద నాలుగు చిన్న మెత్తలు, వాటి వెనుక ఒక పెద్ద మెత్త ఉంటాయి. ముందు కాళ్లకు మణికట్టు దగ్గర మరొక చిన్న మెత్త ఉంటుంది. పైపొర మన గోళ్లలో ఉండే కెరటిన్‌తోనే గట్టిపడి ఉంటుంది. దాని కింద కొవ్వు పొర, ఆ కొవ్వులో విస్తారంగా రక్తనాళాలు ఉంటాయి. అందువల్లనే పైకి చిన్నదిగా కనిపించే కోత నుంచి కూడా గచ్చంతా ఎర్రబడేంత రక్తం కారుతుంది.

మెత్త దళసరితనం కుక్క రోజూ దేని మీద నడుస్తుందో దాన్ని బట్టి ఏర్పడుతుంది. చేనులో తిరిగే కుక్కకు అది మందంగా, గరుకుగా ఉంటుంది. టైల్స్ వేసిన ఇంట్లో పెరిగిన కుక్కకు పలుచగా ఉంటుంది. అలాంటి ఇంటి కుక్కను మే నెలలో ఒక్కసారిగా రోడ్డు మీదికి తీసుకువెళితే దెబ్బ తగలడం సహజం. పొడి వేడి, సిమెంటు గచ్చు, తడిగచ్చు మీద ఆరకుండా మిగిలిన ఫినాయిల్, బట్టల సబ్బు నీళ్లు కూడా మెత్తలను ఎండబెట్టి పగులగొడతాయి. మెత్త మీద సన్నని గీతలు, కొద్దిపాటి గరుకుదనం ఉంటే కంగారుపడనక్కరలేదు. పగులు లోపల ఎర్రటి కండ కనిపించినా, తాకగానే కుక్క కాలు వెనక్కి లాక్కున్నా దాన్ని గాయంగానే చూడాలి.

ఎండాకాలంలో ఏ వేళ నడిపిస్తే క్షేమం?

సూర్యోదయానికి ముందు నడిపించడం అన్నిటికంటే మంచిది. చంద్రపూర్‌లో మే నెల మధ్యాహ్నం ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం కొత్త విషయం కాదు, కానీ మనం వార్తల్లో చదివే ఆ అంకె నీడలోని గాలిది. ఎండలో పడి ఉన్న తారు రోడ్డు ఉపరితలం గాలి కంటే ఎంతో ఎక్కువ వేడెక్కుతుంది. గాలి 30 డిగ్రీల చుట్టుపక్కల ఉన్న రోజున కూడా తారు 50 డిగ్రీలు దాటవచ్చు, ఆ వేడికి చర్మం నిమిషం వ్యవధిలోనే కాలుతుంది. చెయ్యి వెనుక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచండి. ఉంచలేకపోతే కుక్క కూడా దాని మీద నడవకూడదు.

సాయంత్రం విషయంలోనే చాలామంది పొరపడతారు. పొద్దు గూకగానే గాలి కొంత చల్లబడుతుంది గాని, పగలంతా వేడిని పీల్చుకున్న తారు, సిమెంటు రాత్రి చాలాసేపటి వరకు దాన్ని వదలవు. ఆరున్నరకు ఆకాశం చూసి బయలుదేరేవారు ముందు రోడ్డు మీద చెయ్యి పెట్టి చూడాలి. సిరొంచ దగ్గర ప్రాణహిత, గోదావరి ఒడ్డున ఎండిన ఇసుక, మూత లేని ట్రాలీ ఇనుప రేకు, కాలువల మీది ఇనుప మూతలు తారుతో సమానంగానో అంతకంటే ఎక్కువగానో కాలుతాయి. ట్రాలీలో కుక్కను ఎక్కించక తప్పకపోతే కింద తడి గోనెపట్టా పరచండి.

మెత్తలు కాలాయని ఎలా తెలుస్తుంది? వెంటనే ఏం చేయాలి?

కుక్క నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది, ఒక్కొక్క కాలే ఎత్తి పట్టుకుంటుంది, రోడ్డు విడిచి గడ్డిలోకో నీడలోకో లాగుతుంది. ఇంటికి వచ్చాక అదే పనిగా పాదాలు నాకుతుంది. మెత్త రంగు ముదరడం, బొబ్బలు లేవడం, పైపొర రేకుగా ఊడిరావడం కొన్నిసార్లు మరునాటికి గాని బయటపడవు కాబట్టి, మొదటి రోజు ఏమీ కనిపించనంత మాత్రాన ఏమీ కాలేదని అనుకోకూడదు.

మొదట కుక్కను ఎత్తుకుని నీడకు చేర్చాలి, నడిపించి తీసుకురాకూడదు. ఆ తరువాత పాదాలపై కుళాయి నీరు పది నుంచి ఇరవై నిమిషాలు పోయాలి. ఐసు పెట్టకూడదు, అది అప్పటికే దెబ్బతిన్న చర్మానికి రక్తం అందకుండా చేస్తుంది. పేస్టు, సిరా, వెన్న, నెయ్యి పూయకూడదు. బొబ్బలను చిదమకూడదు, ఊడుతున్న పొరను లాగకూడదు. పొర ఊడి కింద ఎర్రటి కండ బయటపడితే శుభ్రమైన తడి గుడ్డ కప్పి ఆ రోజే పశువైద్యునికి చూపించాలి. కుక్క విపరీతంగా రొప్పుతూ, చిగుళ్లు ఎర్రబారి, తూలుతూ ఉంటే అది వడదెబ్బ. అప్పుడు పాదాల సంగతి తరువాత చూసుకోవచ్చు, ఒళ్లంతా నీళ్లతో తడిపి గాలి తగిలేలా చేస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

గడ్చిరోలి అడవి పల్లెల్లో ఇంకొక ప్రమాదం ఉంది. ఇప్పపువ్వు రాలే మార్చి, ఏప్రిల్ నెలల్లో పువ్వు ఏరుకోవడానికి వీలుగా చెట్ల కింద ఎండుటాకులకు నిప్పు పెడతారు. మనుషుల వెంట వెళ్లే కుక్కలు పైకి చల్లారినట్టు కనిపించే ఆ బూడిదలో అడుగుపెడతాయి; లోపల నిప్పు బతికే ఉంటుంది. ఆ రోజుల్లో చీకటితో పువ్వుకు వెళ్లేవారు కుక్కను ఇంటి దగ్గరే కట్టేసి వెళ్లడం మేలు.

మెత్త తెగి రక్తం ఆగడం లేదు. ఇంట్లో ఏం చేయవచ్చు?

శుభ్రమైన గుడ్డనో గాజుగుడ్డనో మడత పెట్టి గాయం మీద ఉంచి, అరచేతితో గట్టిగా అదిమి పట్టండి. పది నిమిషాల పాటు తీసి చూడవద్దు. రక్తం ఆగిందేమోనని నిమిషానికొకసారి గుడ్డ ఎత్తి చూస్తే, అప్పుడప్పుడే కడుతున్న గడ్డ గుడ్డతో పాటు ఊడి వస్తుంది, మళ్లీ మొదటికి వస్తుంది. గుడ్డ తడిసిపోతే దాని మీదనే ఇంకొకటి వేయాలి. పదిహేను నిమిషాలు అదిమినా రక్తం కారుతూనే ఉంటే, లేక చిమ్ముతూ ఉంటే, అదిమి పట్టుకునే ఆసుపత్రికి బయలుదేరాలి. కాలికి పైన తాడుతో బిగించి కట్టే పద్ధతి జోలికి పోవద్దు. దాని వల్ల పాదమే చచ్చుబడే ప్రమాదం ఉంది.

రక్తం ఆగిన తరువాత కడగాలి. కాచి చల్లార్చిన లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు, అంటే సుమారు ఒకటిన్నర చిన్న చెంచాల మెత్తని ఉప్పు కలిపి, ఆ నీటిని సూది తీసేసిన సిరంజితో గాయంలోకి ధారగా కొడితే మట్టి, బొగ్గు పొడి బయటికి వస్తాయి. బల్లార్షా వంటి గనుల ప్రాంతాల్లో రోడ్ల పక్కన కోసుకున్న గాయాల్లో ఈ బొగ్గు పొడి కచ్చితంగా ఉంటుంది. ఒక్కసారి కడిగితే పోదు, నీరు తేటగా వచ్చే వరకు కడగాలి. తరువాత పోవిడోన్ అయోడిన్ ద్రావణాన్ని ఒక వంతుకు పది వంతులకు పైగా నీరు కలిపి, పాలు పోయని పలుచని టీ రంగుకు తెచ్చి వాడవచ్చు. సీసాలోనిది అలాగే పోయకూడదు. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ పోస్తే నురుగు, మంట కనిపిస్తాయి కాబట్టి ఏదో గట్టి వైద్యం జరిగినట్టు అనిపిస్తుంది గాని, అవి కొత్తగా పుడుతున్న కణజాలాన్ని కూడా చంపుతాయి.

ముల్లు లేదా గాజు పెంకు దిగితే మనమే తీయవచ్చా?

కొన బయటికి కనిపిస్తూ, లోతు తక్కువగా ఉంటే తీయవచ్చు. పట్టకారుతో మొదలు దగ్గర పట్టుకుని, దిగిన దారిలోనే వెనక్కి నిదానంగా లాగాలి. లోతుగా దిగిన గాజును, మెత్తలోంచి పైకి పొడుచుకు వచ్చిన మేకును తీయకుండా, కదలకుండా గుడ్డ చుట్టి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాలి.

మన వైపు కనిపించే వాటిలో తుమ్మ ముల్లు చాలా మోసకారి. లాగినప్పుడు పైభాగం చేతికి వస్తుంది, కొన లోపలే విరిగి ఉండిపోతుంది. ఆ రోజు కుక్క మామూలుగానే నడుస్తుంది. రెండు మూడు రోజుల తరువాత మళ్లీ కుంటుతుంది, అప్పటికి వాపు, చీము మొదలై ఉంటాయి. పల్లేరుకాయ పెద్ద గాయం చేయదు కానీ వేళ్ల మధ్య వెంట్రుకల్లో చిక్కుకుని అడుగడుగుకూ గుచ్చుతుంది, అందుకని మెత్తలతో పాటు వేళ్ల సందులను కూడా విప్పి చూడాలి. పత్తి కట్టె కోసిన చేలలో మిగిలే ఏటవాలు మోళ్లు, తునికాకు కోసం ఫిబ్రవరి, మార్చి నెలల్లో నరికిన తునికి పొదల మొదళ్లు నిలువునా దిగుతాయి. కోత పొడవు తక్కువే ఉంటుంది, లోతు ఎక్కువ. ఇటువంటి పొడుపు గాయం పైన త్వరగా మూసుకుపోయి లోపల చీము పడుతుంది కాబట్టి, చూడ్డానికి చిన్నగా ఉన్నా డాక్టరుకు చూపించాలి. కొనదేలిన గడ్డి గింజలు కూడా వేళ్ల సందున చర్మంలోకి దూరి పైకి పాకుతాయి. సందులో గడ్డ లేచి, చిన్న రంధ్రం నుంచి రసి కారుతుంటే వాటిని అనుమానించాలి.

పసుపు, కాఫీ పొడి, బూడిద, కాలిన ఇంజిన్ ఆయిల్ రాస్తారు కదా?

రాస్తారు. పసుపు వల్ల మిగతా వాటంత హాని లేదు, కానీ పొడి ఏదైనా తెరిచి ఉన్న గాయంలో ముద్దకట్టి మట్టితో కలుస్తుంది, డాక్టరుకు లోతు కనిపించనివ్వదు. కాఫీ పొడి, బూడిద విషయంలోనూ అంతే. పైగా కాఫీలోని కెఫీన్‌ను కుక్క నాకితే విషం. కాలిన ఆయిల్, కిరోసిన్, ఫినాయిల్ చర్మాన్ని కాలుస్తాయి, నాకితే కడుపులోకి పోతాయి. మనుషుల మడమల పగుళ్లకు అమ్మే క్రీములలో కొన్నిటిలో శాలిసిలిక్ ఆమ్లం ఉంటుంది, అది నాకితే కుక్కకు హాని; జింకు ఆక్సైడ్ ఉన్న తెల్లటి లేపనాలను నాకితే జింకు విషప్రభావం కలుగుతుంది. టీ ట్రీ నూనె కుక్కలకు విషమే. మనిషి కాలికి రాసిన మందు అక్కడే ఉంటుంది, కుక్క కాలికి రాసినది అరగంటలో కడుపులో ఉంటుంది. ఏది రాయాలన్నా ముందు ఈ తేడా చూసుకోవాలి.

కుంటుతోంది కదా, ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర వేయవచ్చా?

వేయకూడదు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క జీర్ణాశయంలో పుండ్లు చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం పాడవుతుంది. కుక్కలకు సరిపడే నొప్పి మందులు వేరే ఉన్నాయి, బరువును బట్టి డాక్టరే రాయాలి. ప్రసంగవశాత్తు ఒక మాట: పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని మన దేశంలో 2006లో నిషేధించారు, ఆ మందు వాడిన పశువుల కళేబరాలు తిని రాబందులు చనిపోవడమే అందుకు కారణం. రాబందులు ఇంకా బతికి ఉన్న గడ్చిరోలి వంటి జిల్లాలో ఉంటూ ఎవరైనా ఇంకా ఆ ఇంజెక్షను చేయిస్తామంటే ఒప్పుకోకండి.

కట్టు ఎలా కట్టాలి?

ముందుగా వేళ్ల సందుల్లో సన్నటి దూది పెట్టాలి, లేకపోతే చెమట, తేమ వల్ల సందులు ఒరుసుకుపోతాయి. గాయం మీద అంటుకోని గాజుగుడ్డ, దాని మీద దూది పొర, ఆపైన గాజుగుడ్డ చుట్ట, చివరికి తనకు తానే అంటుకునే సాగే పట్టీ వేయాలి. చుట్టడం వేళ్ల వైపు నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి. పై నుంచి కిందికి చుడితే పాదం ఉబ్బుతుంది. మధ్య రెండు వేళ్ల గోళ్ల కొనలు బయటికి కనిపించేలా వదిలేయడం మంచి అలవాటు: ఆ రెండు గోళ్లు రోజురోజుకూ ఒకదానికొకటి దూరం జరుగుతున్నాయంటే లోపల పాదం వాచిందని, కట్టు బిగిసిందని అర్థం. కట్టు పై అంచు కింద మీ చేతి వేళ్లు రెండు దూరాలి.

ఒకటి రెండు రోజులకొకసారి కట్టు మార్చాలి, తడిస్తే అప్పటికప్పుడే మార్చాలి. తడి కట్టు కంటే కట్టు లేకపోవడమే నయం. బయటికి తీసుకువెళ్లేటప్పుడు పైన పాలిథిన్ కవరు తొడిగి, లోపలికి రాగానే తీసేయాలి. దాన్ని ఊడకుండా ఉంచడానికి రబ్బరు బ్యాండు వేయడం మాత్రం చాలా ప్రమాదకరం. బొచ్చులో కనిపించకుండా ఉండిపోయి చర్మంలోకి కోసుకుపోతుంది. కట్టు నుంచి దుర్వాసన వచ్చినా, వేళ్లు చల్లబడినా, కుక్క ఉన్నట్టుండి కట్టును కొరకడం మొదలుపెట్టినా విప్పి చూడాల్సిందే.

నాకితే గాయం మానుతుందంటారు, నిజమేనా?

కాదు. గరుకైన నాలుక కొత్త పొరను చెరిపేస్తుంది, నోటిలోని సూక్ష్మజీవులు గాయంలోకి చేరతాయి, పాదం ఎప్పుడూ తడిగా ఉంటుంది. మెడ చుట్టూ కట్టే ప్లాస్టిక్ గరాటు దొరికితే సరే, దొరకనప్పుడు ముక్కు కంటే ముందుకు వచ్చేంత పొడవుగా గట్టి అట్టతో చేసుకోవచ్చు. దానితో నీళ్లు తాగగలుగుతోందో లేదో గమనించండి.

గాయం లేదు, మెత్తలు పొడిబారి పగిలాయంతే. ఏం రాయాలి?

రాత్రి కుక్క పడుకునే ముందు పాదాలు గోరువెచ్చని నీటితో కడిగి, సందులతో సహా పూర్తిగా తుడిచి, పెట్రోలియం జెల్లీ గాని కొబ్బరినూనె గాని పలుచగా రాస్తే సరిపోతుంది. తేనె మైనం దొరికేవారు ఒక వంతు మైనానికి రెండు మూడు వంతుల కొబ్బరినూనె కలిపి సన్నని సెగ మీద కరిగించి, చల్లార్చి డబ్బాలో ఉంచుకోవచ్చు. నూనె కంటే ఇది మెత్తను పట్టుకుని ఎక్కువసేపు ఉంటుంది. రాశాక పది నిమిషాలు ఏదైనా తినిపిస్తూనో ఆడిస్తూనో ఉంటే నాకదు. కొబ్బరినూనె ఎక్కువగా కడుపులోకి పోతే విరేచనాలు అవుతాయి.

రోజుకు మూడు నాలుగు సార్లు రాసి పాదాలను పట్టులా చేయాలనుకోవడం తప్పు. మెత్త మరీ మృదువైతే గరుకు నేల మీద ఇంకా తొందరగా తెగుతుంది. మెత్తగా చేయడానికి రాయితో రుద్దడం, అంచులు కత్తిరించడం కూడా వద్దు.

వానాకాలంలో ప్రత్యేకంగా ఏం గమనించాలి?

రేగడి మట్టి. తడిసినప్పుడు అది వేళ్ల సందుల్లో వెంట్రుకలకు పట్టుకుని, ఆరాక గట్టి ఉండలుగా మారి నడిచినప్పుడల్లా చర్మాన్ని ఒత్తుతుంది. దాన్ని గోటితో పీకకుండా, పాదాన్ని చిన్న బకెట్టు గోరువెచ్చని నీటిలో కొద్దిసేపు నానబెడితే తనంతట అదే కరిగిపోతుంది. సందుల్లో వెంట్రుకలను మెత్తతో సమంగా కత్తిరించి ఉంచితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. తేమ ఆరని పాదాల్లో శిలీంధ్రాలు చేరి ఎర్రబారి, దురద, పులిసిన వాసన వస్తాయి. గోమార్లు కూడా సందుల్లోనే దాక్కుంటాయి.

వానాకాలం గాయాన్ని మూయకుండా వదిలితే ఈగలు గుడ్లు పెట్టి ఒకటి రెండు రోజుల్లో పురుగులు పడతాయి. రంధ్రంలో కదలిక కనిపించినా, కుళ్లిన వాసన వచ్చినా పెట్రోలు, కలరా ఉండల పొడి వేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. పురుగులన్నిటినీ ఏరి తీయాలి, లోపల ఒకటి మిగిలినా గాయం మానదు.

మిర్చి, రసాయనాల వల్ల పాదాలు మండితే?

ధర్మాబాద్ వంటి మిర్చి మార్కెట్ల దగ్గర, కల్లాల దగ్గర తిరిగే కుక్కలకు పగిలిన మెత్తల్లో కారం చేరుతుంది, నాకితే నోరు, పాదం తుడిచిన కళ్లు కూడా మండుతాయి. కారంలోని ఘాటు నీటిలో కరగదు కాబట్టి ముందు వంటనూనె పూసి తుడిచి, ఆ తరువాత తేలికపాటి షాంపూతో కడగాలి. యూరియా, పురుగుమందు తొక్కిన కుక్క పాదాలను మాత్రం ఎక్కువ నీటితో సబ్బు పెట్టి వెంటనే కడగండి. చొంగ కారడం, వణుకు కనిపిస్తే మందు డబ్బా వెంట పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.

కుక్క బూట్లు కొనడం దండగా?

గాయం మానుతున్నప్పుడు, తప్పనిసరిగా పగలు రోడ్డు దాటించాల్సినప్పుడు ఉపయోగపడతాయి. నడక వేళ మార్చుకోగలిగిన వారికి పెద్దగా అవసరం లేదని నా అభిప్రాయం. కొనేటట్టయితే కుక్కను కాగితం మీద నిలబెట్టి, బరువు మోపి విచ్చుకున్న పాదాన్ని గీసి కొలవాలి. ముందు పాదాలు వెనుక పాదాల కంటే వెడల్పుగా ఉంటాయి. మొదట ఇంట్లో కొన్ని నిమిషాలు తొడిగి అలవాటు చేయాలి. కుక్కకు చెమట పట్టేది మెత్తల నుంచే కనుక, ఇంటికి రాగానే విప్పి పాదాలు ఆరనివ్వాలి.

నేలతో సంబంధం లేకుండా కూడా మెత్తలు పాడవుతాయా?

పాడవుతాయి. ఒక్క పాదం పగిలితే నేలనో గాయాన్నో అనుమానించాలి. నాలుగు పాదాలూ ఒకేసారి గట్టిపడి, పొలుసులు కట్టి, దానితో పాటు ముక్కు కూడా బెరడుకడితే లోపలి జబ్బును అనుమానించాలి. టీకాలు వేయని కుక్కపిల్లకు ముక్కు, కళ్ల నుంచి చీమిడి కారుతూ, దగ్గు, విరేచనాలు, కండరాల అదురు ఉంటే అది డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు కావచ్చు; ఆ జబ్బులో మెత్తలు గట్టిపడటం ఎరిగిన లక్షణమే. జింకు లోపం, రోగనిరోధక వ్యవస్థ తన చర్మం మీదే దాడి చేసే పెమ్ఫిగస్, నేల నుంచి చర్మంలోకి దూరే కొంకిపురుగులు, ముసలి కుక్కల్లో కాలేయ వ్యాధి కూడా మెత్తల మీద కనిపిస్తాయి. వీటిలో దేనికీ నూనె మందు కాదు.

వీధి కుక్కకు సాయం చేయాలంటే?

నొప్పిలో ఉన్న కుక్క తెలిసినవారినైనా కరుస్తుంది. చిక్కం గాని, మూతి చుట్టూ మెత్తని గుడ్డ పట్టీ గాని కట్టి, మరొకరు పట్టుకుంటేనే పాదం ముట్టుకోండి. రొప్పుతున్న, వాంతి చేసుకుంటున్న కుక్కకు మూతి కట్టకూడదు. చేతులకు గ్లౌజులు ఉండాలి. కరిచినా, గీరినా, మీ చేతి మీద ఉన్న గాయానికి దాని చొంగ తగిలినా సబ్బుతో ధారగా పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే రేబిస్ టీకా మొదలుపెట్టించుకోవాలి.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి? ఎక్కడ?

మెత్త ముక్క ఊడి వేలాడుతున్నా, కోతలో కొవ్వు లేదా ఎముక కనిపిస్తున్నా, కాలు అసలు మోపకపోయినా, వాపు, చీము, జ్వరం ఉన్నా, రెండు రోజుల్లో కుంటడం తగ్గకపోయినా ఆలస్యం చేయకూడదు. కుట్లు వేయాల్సిన గాయాన్ని కొన్ని గంటల లోపే చూపిస్తే మంచిది. తాలూకా కేంద్రాల్లోని ప్రభుత్వ పశువుల దవాఖానాలు కట్టు, ఇంజెక్షన్ల వరకు చూస్తాయి. శస్త్రచికిత్స, చర్మ పరీక్షల వంటివి అవసరమైతే చంద్రపూర్, గడ్చిరోలి వారికి నాగ్‌పూర్ పశువైద్య కళాశాల, నాందేడ్ వైపు వారికి ఉద్గీర్ పశువైద్య కళాశాల ఉన్నాయి. సిరొంచ, కిన్వట్, ధర్మాబాద్ వారు తెలంగాణ వైపు పట్టణాలకు వెళ్లడం కూడా మామూలే. అప్పుడు ఇక్కడ వాడిన మందుల చీటీ, టీకాల పుస్తకం వెంట తీసుకువెళ్లండి.

మానడానికి ఎంతకాలం పడుతుంది? మళ్లీ ఎప్పుడు నడిపించాలి?

పైపైన గీరుకున్నది వారం రోజుల్లో సర్దుకుంటుంది. లోతైన కోతకు రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది, ఎందుకంటే అడుగు మోపిన ప్రతిసారీ మెత్త పక్కలకు విచ్చుకుని గాయం అంచులను విడదీస్తుంది. అందుకే కుట్లను కూడా మిగతా చోట్ల కంటే ఎక్కువ రోజులు ఉంచుతారు. ఆ రోజుల్లో మూత్రానికి, మలానికి మాత్రమే గొలుసుతో బయటికి తీసుకువెళ్లాలి. మెట్లు ఎక్కడం, బంతి వెంట పరుగులు ఉండకూడదు. కొత్త పొర మొదట గులాబీ రంగులో, పలుచగా ఉంటుంది. అది ముదిరి పక్క మెత్తల రంగుకు, గట్టితనానికి దగ్గరయ్యే వరకు మట్టి దారిలో, గడ్డిలో మాత్రమే నడిపించి, ఆ తరువాతే సిమెంటు మీదికి, చివరగా తారు రోడ్డు మీదికి తీసుకురావాలి.